ఎందుకు తిరిగి ఇస్తున్నారు

షాపులో ఫోను మోగడం మానేసి నెల దాటింది. మంచాలక్క చెయ్యి మాత్రం ఇంకా పాత అలవాటు మానలేదు. సబ్బు నీళ్లతో మంచం కమ్ములు తోముతూ తోముతూ మధ్యలో ఆగిపోతుంది. తడి చెయ్యి తుడుచుకుని కౌంటరు వైపు ఒక అడుగు వేస్తుంది కూడా. ఫోను అక్కడే, తనకేమీ పట్టనట్టు కూర్చుని ఉంటుంది. అప్పుడు గుర్తొస్తుంది, దానికి వచ్చే కాల్సన్నీ ఇప్పుడు ఊరికి అటు చివర, నాలుగో అంతస్తులో ఉన్న ఒక కంపెనీకి వెళ్తున్నాయని, అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న అమ్మాయిలు తన బదులు మాట్లాడుతున్నారని.

ఆసుపత్రి నుంచి జబ్బుమనిషిని ఇంటికి తెచ్చుకునేవాళ్లకి మంచాలు అద్దెకివ్వడం ఆమె వ్యాపారం. తల వైపు ఎత్తడానికి ఒక హ్యాండిలు, కాళ్ల వైపు ఎత్తడానికి ఇంకొకటి, పక్కన కమ్ములు, కింద చక్రాలు ఉండే ఇనప మంచాలు. భర్త వెనక షెడ్డులో వాటికి మరలు బిగిస్తాడు, తుప్పు గీకి రంగు వేస్తాడు. ఎవరికి ఏమవుతాడో తెలియకపోయినా అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన వ్యాను నడుపుతాడు, మంచాన్ని విప్పి ముక్కలుగా మేడలెక్కిస్తాడు. ఫోను సంగతి ఆమెది. ఆ పేరు కూడా ఫోనులోనే పుట్టింది. ఎవరో "మంచాలక్కేనా?" అని అడిగితే అవునంది, అంతే, అది ఇక వదల్లేదు.

రెండు ఆసుపత్రులు తమ గోడల మీద ఆమె నంబరు అంటించాక తీరుబడిగా ముద్ద నోట్లో పెట్టుకోవడం గగనమైపోయింది. "స్నానానికి వెళ్తే దాన్ని కూడా తీసుకెళ్లి ఒళ్లు రుద్దు" అని భర్త ఎగతాళి చేసేవాడు. కాల్స్ బయటికిచ్చేద్దామన్నది మాత్రం ఆమే. ఇచ్చాక వ్యాపారం పెరిగింది. పగలు కాసేపు నడుం వాల్చే వీలు కూడా దొరికింది. ఆ సుఖం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం తిరిగొచ్చిన పరుపు మీద మరక తోముతుంటే కంపెనీ నుంచి సెల్‌కి మెసేజీ వచ్చింది. తమకు జవాబు తెలియని సందేహాలు వస్తే అమ్మాయిలు ఇలాగే పంపుతారు. మంచం తల వైపు ఎత్తి ఉంచాక దానంతట అది కిందికి జారే అవకాశం ఉందా, కస్టమరుకి మళ్లీ ఫోన్ చేసి చెప్తానని మాటిచ్చాను అని ఉంది. కింద పేరు లేదు, ఏడో సీటు అని ఉంది. ఎవరో కొత్తవాళ్లు, మంచం ఇంట్లోకి రాకముందే వంకలు వెతుకుతున్నారు అనుకుంది మంచాలక్క. చేతి నిండా నురగ. తర్వాత చూద్దాంలే అని సెల్లుని స్టూలు మీద బోర్లా పెట్టింది. సాయంత్రం అదే సీటు నుంచి అదే ప్రశ్న మళ్లీ వచ్చింది, ఈసారి చివర దయచేసి అని చేర్చుకుని. ఆమె పూర్తిగా చదవనే లేదు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుండగా సెల్ మోగింది. మగగొంతు.

"మంచాలు అద్దెకిచ్చేది మీరేనా? రసీదు మీద ఈ నంబరు కూడా ఉంది."

"అవునండీ, చెప్పండి."

"మీ ఆఫీసులో మనుషులే ఉన్నారా అని కనుక్కుందామని చేశాను."

ఆమెకు అర్థం కాలేదు. సగం ఎత్తిన షట్టరు కింద అలాగే వంగి నిలబడింది.

"మా అన్నయ్య పోయి వారం తిరగలేదు. మంచం తీసుకెళ్లండి అని మా వదిన ఫోన్ చేస్తే, ఎందుకు తిరిగి ఇస్తున్నారు అని అడుగుతారా? మంచం బాగాలేదా, ఇంకోచోట తీసుకుంటున్నారా, ఇవా అడగాల్సింది? నేను పక్క గదిలో ఉండి విన్నాను. ఫోను పట్టుకుని ఆవిడ ఒకటే ఏడుపు. వదలదే ఆ పిల్ల."

"తప్పైపోయిందండీ" అంది ఆమె. ఇంకా ఏదో అనబోయింది గానీ అవతల పెట్టేశారు.

ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. మనిషి లేచి తిరుగుతుంటే వాళ్లే చెప్తారు, అడక్కుండానే, నవ్వుతూ. లేకపోతే "మంచం తీసుకెళ్లండి" అని మాత్రం అంటారు. ఆ గొంతు ఆమెకు తెలుసు. "రేపు మనిషి వస్తాడండి. పరుపు అలాగే ఉంచండి, మేం చూసుకుంటాం" అని ఫోను పెట్టేస్తుంది. ఆ పరుపు మీద మనిషి పడుకున్న గుంట ఉంటుంది, ఒక్కోసారి మరకలూ ఉంటాయి. వాళ్ల చేత అది కడిగించకూడదని, వాళ్ల నోటితో ఆ మాట చెప్పించకూడదని ఆమె పట్టింపు. ఈ పట్టింపుని ఎవరికీ చెప్పలేదు, చెప్పాలన్న ఊహ కూడా రాలేదు. కంపెనీవాళ్లకి అద్దెలు, అడ్వాన్సులు, పరుపుల రకాలు, లిఫ్టు లేని ఇళ్లకి ఎంత, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఇదొక్కటీ చెప్పలేదు.

చెప్పకపోవడం వరకే అయితే బాగుండేది. షట్టరు పూర్తిగా ఎత్తి లోపల కూర్చున్నాక మిగతాది గుర్తొచ్చింది. కంపెనీ మేనేజరు ఎదురుగా కూర్చుని, "మంచం తిరిగిచ్చేవాళ్లని కారణం అడగమంటారా మేడమ్?" అన్నాడు. పక్కవీధిలో అప్పుడే కొత్తగా ఇంకో మంచాల షాపు తెరిచారు. మనవాళ్లు అటు పోతున్నారేమో తెలుస్తుంది కదా అనుకుంది. తలూపింది. అంతే, ఒక్కసారి, టీ కప్పు పెదాలకి ఆనించుకుంటూ.

భర్త షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని నొచ్చుకున్నాడు. "అలా అడగమని వాళ్లకి చెప్పిందెవరు?" అన్నాడు.

"ఏమో, వాళ్ల కంపెనీ పద్ధతేమో" అంది మంచాలక్క.

ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే వింతగా ఉంది. ఒకసారి అనేశాక ఇక దాన్ని నిజం చెయ్యాలి కాబట్టి వెంటనే మేనేజరుకి ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడితే సిగ్గు కాస్త మరుగున పడుతుంది. అందుకని గట్టిగానే మాట్లాడింది. మనిషి పోయిన ఇంట్లో ఆ మాటలేమిటి, మీ పిల్లలకి ఇంగితం ఉండక్కర్లేదా అంది.

"ఎవరో చూస్తానుండండి మేడమ్" అన్నాడు మేనేజరు. కీబోర్డు టకటకలు వినిపించాయి. "ఏడో సీటు. ఈ అమ్మాయి కాల్స్ అన్నీ ఇంతే, జీడిపాకంలా సాగుతాయి. మేమూ చెప్తూనే ఉన్నాం. రికార్డింగ్ ఉంది, పంపించమంటారా? మీరే వినొచ్చు."

"నాకెందుకు అది" అంది ఆమె. వింటే అందులో తన ప్రశ్న వినిపిస్తుందని భయం. "ఆ అమ్మాయి నా కాల్స్ తీసుకోవడానికి వీల్లేదు, అంతే."

"తీసేస్తాం మేడమ్. ఇంకా పర్మినెంటు కూడా కాలేదు. మరి ఇలాంటివి వస్తే ఏం చెప్పమంటారు?"

ఆమె తన రెండు వాక్యాలూ చెప్పింది. అతను ఒక్కో మాటా పలుకుతూ టైపు చేసుకున్నాడు. ఇంకొకరి నోట వింటే అవి మరీ పొట్టిగా, పొడిగా ఉన్నాయనిపించింది.

ఆ మంచం తేవడానికి బాబాయ్‌తో పాటు తనూ బయల్దేరింది. స్వయంగా వెళ్లి క్షమాపణ అడగాలనుకుంది. వ్యానులో బాబాయ్ రెండుసార్లు ఓరగా చూశాడు.

"ఏంటమ్మాయ్, మంచం మోయడానికి నా మీద నమ్మకం పోయిందా?"

"నోర్మూసుకుని నడుపు బాబాయ్."

"నోరు మూసుకునే నడుపుతున్నా. నువ్వే ఇందాకట్నుంచీ నీలో నువ్వు గొణుక్కుంటున్నావ్."

ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మీదే ఫోన్ చేసినాయన ఎదురయ్యాడు. గడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆమె ఎవరో తెలిశాక తప్పుకోకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ అమ్మాయిని తీసేశామండీ" అంది మంచాలక్క గబగబా, లోపలికి రానివ్వడానికి టిక్కెట్టు చూపించినట్టు. "ఇంకెప్పుడూ ఇలా జరగదు."

ఆయన మొహం కాస్త మెత్తబడింది. "అలా భయం ఉండాలి" అని దారి ఇచ్చాడు.

మంచం కిటికీ పక్కన ఉంది. దుప్పటి తీసేశారు గానీ దిండూ పరుపూ అలాగే ఉన్నాయి, పరుపు మధ్యలో గుంటతో సహా. తల వైపు ఇంకా సగం ఎత్తే ఉంది. దాన్ని దించడానికి ఎవరూ చెయ్యి పెట్టలేదని చూడగానే తెలుస్తోంది. పోయినాయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన ఉన్నప్పుడు కూడా అక్కడే కూర్చునేదేమో, స్టూలు కాళ్ల దగ్గర గచ్చు గీతలు పడింది.

మంచాలక్క దగ్గరికి వెళ్లి, దారి పొడవునా వల్లించుకున్న మాటలు మొదలుపెట్టింది. "అమ్మా, నిన్న ఫోనులో మావాళ్లు మిమ్మల్ని..."

"మీరు ఆ అమ్మాయి వాళ్ల షాపువాళ్లా?" అంది పెద్దావిడ. మొహంలో ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. "వచ్చారా. నిన్నట్నుంచీ ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. అడిగి చెప్తానంది. ఆ పిల్ల మళ్లీ ఫోను చెయ్యలేదేమిటా అనుకుంటున్నాను. మిమ్మల్నే పంపిందన్నమాట."

మంచాలక్క వల్లించుకున్నవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏం అడిగి చెప్తానందమ్మా?"

పెద్దావిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ రోజు పొద్దున ఆయన తల ఎత్తమన్నారు, వీధి చూస్తానని. తిప్పాను. ఇంకొంచెం అన్నారు. మోచెయ్యి నొప్పి పుట్టి, చాల్లెండి, వచ్చి తిప్పుతానని వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి ఆయన కిందికి దిగిపోయి ఉన్నారు. తల ఉండాల్సిన చోట లేదు. నేను హ్యాండిలు సరిగ్గా తిప్పలేదేమో, ఎత్తిన మంచం దభీమని సగానికి దిగిపోయిందేమో అని... డాక్టరు నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. మంచం సంగతి ఆయనకేం తెలుసు. ఇంట్లో చెప్పబోతే అందరూ ఊరుకో, ఊరుకో అంటారు. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదమ్మా. ఆ అమ్మాయే అడిగింది. ఎందుకు తిరిగి ఇస్తున్నారండీ అని. మనిషి లేడమ్మా అన్నాను. ఫోను పెట్టేయలేదు. తర్వాత ఎలా జరిగిందండీ అంది. నాకు ఇక కట్టలు తెగినట్టయింది. అంతా చెప్పాను. ఊరుకో అనలేదు. మంచం గురించి నాకు తెలియదండీ, తెలిసినవాళ్లని అడిగి తప్పకుండా మీకు చెప్తాను, అప్పటిదాకా మీరే చేశారని అనుకోకండి అంది."

గుమ్మంలో నీడ కదిలింది. మరిది వచ్చి నిలబడి ఉన్నాడు. ఎంతవరకు విన్నాడో గానీ చెయ్యి గోడకి ఆనించుకుని కిందికి చూస్తున్నాడు.

స్టూలు మీద బోర్లా పెట్టిన సెల్లు, దయచేసి అన్న మాట మంచాలక్క కళ్ల ముందు కదిలాయి. తల కొట్టేసినట్టయింది. ఏం మాట్లాడినా ఏడుపొచ్చేలా ఉంది. ఆమెకు తెలిసింది పని ఒక్కటే, అందుకని అందులోకి దూరింది.

"బాబాయ్, ఒకసారి పూర్తిగా దించు."

బాబాయ్ వంగి హ్యాండిలు లాగి తిప్పాడు. తల వైపు కిర్రుమంటూ మెల్లగా దిగింది. మంచాలక్క చెప్పులు విడిచి మంచం ఎక్కి వెల్లకిలా పడుకుంది. ఇన్నేళ్లుగా ఈ మంచాలు ఇళ్లిళ్లకీ పంపుతోంది గానీ ఒక్కదాని మీదా ఒళ్లు వాల్చలేదు. ఇంకొకరి గుంటలో వీపు పడింది. ఒళ్లు జలదరించింది గానీ లేవలేదు.

"ఇప్పుడు ఎత్తు. ఇంకొంచెం. చాలు. అమ్మా, మీరిటు రండి. రెండు చేతులతో, ఉన్న బలమంతా పెట్టి, తల వైపు కిందికి అదమండి."

పెద్దావిడ భయంభయంగా చేతులు ఆనించింది. తర్వాత నిజంగానే అదిమింది. మెడ నరాలు ఉబ్బాయి. మంచం కదల్లేదు. బాబాయ్ వచ్చి తన బరువు కూడా వేశాడు. అయినా కదల్లేదు.

"హ్యాండిలు తిప్పితేనే దిగుతుంది. తిప్పడం సగంలో ఆపేస్తే సగంలోనే ఆగుతుంది. దానంతట అది పడదు."

"మరి ఆయన..."

మంచాలక్క జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. పడుకుని మాట్లాడుతుండగానే ఆమె నడుం పరుపు మీద నున్నగా కిందికి జరుగుతోంది. తల దిండు మీద నుంచి దిగిపోయింది. కాళ్లు కాళ్ల వైపు కమ్మికి తగిలాయి.

"చూడండి" అంది. "నేనే జారాను. ఎత్తిన మంచం మీద ఎవరైనా ఇలాగే జారతారు. మంచం పడలేదమ్మా. మీ చేతిలో తప్పేం లేదు."

పెద్దావిడ ఆమెనే చూస్తూ ఉండిపోయింది. జరిగిన తల, ఖాళీగా ఉన్న దిండు, ఆమె మడిమలు, అన్నీ చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుని, చప్పుడు లేకుండా, చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. మరిది వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. మంచం మీద నుంచి చూస్తే కిటికీలోంచి వీధి మలుపు కనిపిస్తుందని, ఇంకొంచెం ఎత్తితే ఇంకాస్త కనిపించేదని మంచాలక్కకి పడుకునే తెలిసింది. ఆ మాట పైకి అనలేదు.

బాబాయ్ మంచం విప్పి ఒక్కో ముక్కా కిందికి దించుతుంటే పెద్దావిడ మంచాలక్క చెయ్యి పట్టుకుంది. "ఆ అమ్మాయికి చెప్పండి, నా మనసు కుదుటపడిందని. మాట నిలబెట్టుకుందని చెప్పండి. చెప్తారు కదూ?"

మంచాలక్క తలూపింది.

మెట్ల దగ్గర మరిది ఆమెను ఆపాడు. పొద్దుటి గొంతు కాదు. "తీసేశామన్నారు కదా" అన్నాడు. "వదినకి చెప్పకండి" అని లోపలికి వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"షాపుకేనా?" అన్నాడు బాబాయ్ వ్యాను తీస్తూ.

"కాదు. ఆ ఫోన్ల కంపెనీకి."

నాలుగో అంతస్తులో చల్లగా ఉంది. పొడవాటి బల్లలకి అటూ ఇటూ అమ్మాయిలు, మధ్యలో అట్ట గోడలు. ఏడో సీటులో ఇంకెవరో ఉన్నారు. మేనేజరు ఎదురొచ్చి, అడక్కుండానే కుర్చీ చూపించాడు.

"మీరు చెప్పిన మాటలు అందరి తెరల మీదా పెట్టేశాం మేడమ్. ఇందాకే ఒకటి వచ్చింది. ఎంత చక్కగా ముగించారో. వెంటనే తేలిపోయింది."

"ఆ ప్రశ్న అడగమన్నది నేనే" అంది మంచాలక్క, నిలబడే. "ఆ అమ్మాయి తప్పు లేదు. మళ్లీ పెట్టుకోండి. లేదంటే తన నంబరైనా ఇవ్వండి."

మేనేజరు నొచ్చుకున్నట్టు నవ్వాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు మేడమ్. కస్టమరు ఫిర్యాదు చేశాడు, మనం చర్య తీసుకున్నాం. సీటు కూడా నిండిపోయింది. నంబరు బయటివాళ్లకి ఇవ్వకూడదు."

అతని వెనక ఏడో సీటులోని పిల్ల ఫోనులో అంటోంది. "రేపు మనిషి వస్తాడండి. పరుపు అలాగే ఉంచండి, మేం చూసుకుంటాం." టక్కున పెట్టేసి, నీళ్ల సీసా మూత తీసింది. ఫోను అవతల ఎవరో ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయి ఉంటారని మంచాలక్కకి అనిపించింది. తను ఇన్నేళ్లు అలా ఎంతమంది నోళ్లు మూయించిందో లెక్క లేదు. అది దయ అనుకుంది.

నంబరు ఇచ్చింది ఆరో సీటు అమ్మాయి. లిఫ్టు దాకా వెంట వచ్చి, మేనేజరు అటు తిరిగి ఉన్నాడో లేదో చూసుకుని, సెల్ తెర చూపించింది. "నేనిచ్చానని చెప్పకండి మేడమ్" అంది. మొహంలో మాత్రం స్నేహం ఏమీ లేదు.

వ్యానులో వెనక విప్పిన మంచం ముక్కలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. మంచాలక్క బండి పక్కకి ఆపించింది. బాబాయ్ ఏమనుకున్నాడో, టైర్లు చూసే మిష మీద దిగిపోయాడు.

రెండుసార్లు మోగాక ఎత్తారు.

"నేనమ్మా. మంచాల షాపు నుంచి."

అవతల మామూలు గొంతు, చిన్నదే, కొంచెం జలుబు చేసినట్టుంది. "ఆవిడకి చెప్పారా మేడమ్?"

"చెప్పాను. వెళ్లి చూపించాను. మంచం జారదు, ఆవిడ తప్పేం లేదు. నువ్వే నన్ను పంపావనుకుంటోంది. మాట నిలబెట్టుకున్నావని చెప్పమంది."

"సరే" అంది ఆ అమ్మాయి. పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "మెసేజీ చూసుకోలేదేమో అనుకున్నాను."

"చూశాను" అంది మంచాలక్క. ఇక ఆగితే మళ్లీ అనలేనని తెలిసి ఒక్క ఊపులో అనేసింది. "చూసి వదిలేశాను. నిన్ను తీసేయమన్నదీ నేనే. ఎందుకు తిరిగి ఇస్తున్నారని అడగమన్నది కూడా నేనే. నీ మీదికి తోసేసి తప్పించుకున్నాను. మా షాపులోనే ఫోను దగ్గర కూర్చుంటావా? నీ ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడుకో. ఎవరూ ఏమీ అనరు."

"నాకు తెలుసు మేడమ్."

"ఏం తెలుసు?"

"అడగమన్నది మీరేనని. ఆ రోజు మీటింగులో మీకు టీ తెచ్చిచ్చింది నేనే. సార్ అడిగినప్పుడు మీ పక్కనే నిలబడి ఉన్నాను. మీరు తలూపడం చూశాను."

మంచాలక్క కళ్లు మూసుకుంది. టీ కప్పు గుర్తుంది. అది వేడిగా ఉందని కూడా గుర్తుంది. ఇచ్చిన చెయ్యి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"మరి మీ సార్‌తో ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారనుకున్నాను" అంది ఆ అమ్మాయి.

ఫోను పెట్టేసిన చప్పుడు రాలేదు. ఆ అమ్మాయి కాల్స్ ఎందుకు సాగుతాయో మంచాలక్కకి ఇప్పుడు తెలిసింది. అవతలివాళ్లు మాట్లాడడం అయిపోయేదాకా తను పెట్టేయదు. బాబాయ్ టైర్లు చూడడం అయిపోయి, వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మంచాలక్క సెల్లు చెవికి ఆనించుకుని, ఈసారి తనూ పెట్టేయకుండా, అలాగే కూర్చుంది.